విజ్ఞాన విధాన పరిశోధన: మన సీమలోని ఉద్యోగావకాశములు



విజ్ఞానశాస్త్రము వేరు, విజ్ఞాన విధానము వేరు. నీటిలో ఏ లవణము ఎంత పాలు కలదో తేల్చునది మొదటిది. ఆ నీటిని త్రాగుచున్న ఊరికొరకు ఏమి చేయవలెను, ఎవరు చేయవలెను, అందులకగు వ్యయమును ఎవరు భరింపవలెను అని తేల్చునది రెండవది. మొదటి పని ప్రయోగశాలలో ముగియును. రెండవ పని ప్రయోగశాల గడప దాటిన పిదప మొదలగును. ఈ రెండవ పనిని ఊహతో గాక లెక్కలతోను సాక్ష్యముతోను చేయువానిని విజ్ఞాన విధాన పరిశోధకుడందురు.

వైద్యుడు, ఇంజనీరు, ఉపాధ్యాయుడు అను పేర్లు మీకు తెలియును. ఈ పేరు మీలో పలువురు విని యుండరు. ఉద్యోగ ప్రకటనలలో గూడ వేలూరు, గుడియాత్తము పట్టణముల ప్రక్కన ఈ పేరు కానవచ్చుట మిక్కిలి అరుదు. అయినను ఈ వృత్తివారు చేయవలసిన పని మన సీమలో కొల్లలుగా నున్నది. పని యున్నది గాని పేరు లేదు. అందుచేత పేరును వెదకు విద్యార్థికి దారి కనబడదు. పనిని వెదకు విద్యార్థికి కనబడును. ఆ దారి ఎట్టిదో, దానికి ఎట్లు సిద్ధపడవలెనో తెలుపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఈ వృత్తి ఎట్లు ఏర్పడినది?

స్వతంత్ర భారతమున విజ్ఞానమునకు ప్రభుత్వము ఇయ్యవలసిన స్థానమును నిర్ణయించుచు 1958 మార్చి 4వ తేదీన విజ్ఞాన విధాన తీర్మానము వెలువడినది. అప్పటి ప్రధానమంత్రి జవాహర్‌లాల్ నెహ్రూ దానికి ప్రేరకుడు. పిమ్మట 1983లో సాంకేతిక విధాన ప్రకటనమును, 2003లోను 2013లోను మరి రెండు విధానములును వచ్చినవి. 1971లో కేంద్ర ప్రభుత్వమున విజ్ఞాన సాంకేతిక శాఖ ఏర్పడెను. 1999లో ప్రధాన విజ్ఞాన సలహాదారుని కార్యాలయము నెలకొన్నది.

విధానమును ప్రకటించుటతో పని ముగియదు. ఇచ్చిన ధనము దేనికి వ్యయమైనది? పరిశోధన ఫలము రైతుకు చేరినదా? చేరనిచో ఎచ్చట ఆగినది? ఈ ప్రశ్నలకు ఉత్తరము చెప్పువారు కావలసివచ్చిరి. 1980లో ఢిల్లీలో దీనికై ఒక జాతీయ సంస్థను స్థాపించిరి. 2021లో దానిని మరియొక సంస్థతో కలిపి, విజ్ఞాన ప్రసారమునకును విధాన పరిశోధనకును ఒకే జాతీయ సంస్థగా చేసిరి. జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయములో విజ్ఞాన విధానమునకు ప్రత్యేక అధ్యయన కేంద్రము గలదు.

ఒక తెలుగువాని ఉదాహరణము

ఈ వృత్తిని గ్రంథములు చదివి తెలిసికొనుటకంటె యలవర్తి నాయుడమ్మగారి జీవితమును చూచి తెలిసికొనుట సులువు. ఆయన 1922లో గుంటూరు జిల్లా యలవర్రు గ్రామమున రైతు కుటుంబములో పుట్టెను. తోళ్ల రసాయనశాస్త్రమును అభ్యసించి, అమెరికాలో లీహై విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొందెను. మద్రాసులోని అడయారులో 1948లో స్థాపితమైన కేంద్ర చర్మ పరిశోధనాలయమునకు 1958 మొదలు 1971 వరకు అధిపతిగా నుండెను. పిదప దేశములోని పలు ప్రయోగశాలలను నడపు విజ్ఞాన పారిశ్రామిక పరిశోధన మండలికి 1971 నుండి 1977 వరకు డైరెక్టరు జనరలుగా నుండెను. 1981–82లో జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమునకు ఉపకులపతి యయ్యెను. 1985 జూన్ 23న కనిష్క విమాన దుర్ఘటనలో మరణించెను.

ఆయన తోలును పరీక్షించుటతో తృప్తి పడలేదు. పరిశోధనాలయములో కనుగొన్నది తోళ్ల పనివాని చేతికి ఎందుకు చేరుటలేదని అడిగెను. మండలి అధిపతిగా తెలంగాణములోని కరీంనగరు జిల్లాను ఎంచుకొని, ప్రయోగశాలల విజ్ఞానమును ఒక జిల్లా అవసరములకు అన్వయించు ప్రయత్నమును నడపెను. ఒక శాస్త్రమును లోతుగా నేర్చి, దాని ఫలము ప్రజలకు చేరు మార్గమును శోధించుటయే విజ్ఞాన విధాన పరిశోధన. ఆయన శ్రమించిన పరిశ్రమ మన సీమదే యగుటచేత ఈ ఉదాహరణము మనకు మరింత దగ్గరిది.

పాలారు నేర్పు పాఠము

రాణిపేట, ఆంబూరు, వాణియంబాడి, పేర్ణంబట్టు – ఈ ఊళ్లు తోళ్లకు ప్రసిద్ధికెక్కినవి. పూర్వము ఇచ్చట తంగేడు పట్టతో తోళ్లను పదును చేసి, సగము సిద్ధమైన సరకును విదేశములకు పంపుచుండిరి. లాభములో పెద్దపాలు దానిని బూట్లుగా, సంచులుగా మార్చు పరదేశములకే పోవుచుండెను. 1972లో సీతారామయ్య సంఘము దీనిని విచారించి, పూర్తిగా సిద్ధపరచిన తోలును, తోలు వస్తువులను ఎగుమతి చేయవలెనని సూచించినది. ప్రభుత్వము ఆ మార్గమును అనుసరించెను. దానివలన ఆంబూరు మొదలగు చోట్ల బూట్ల కర్మాగారములు వృద్ధిచెందినవి. వేలకొలది స్త్రీలకు జీవనము దొరకినది.

కాని నాణెమునకు రెండవ ముఖము గలదు. క్రోము లవణములతో పదునుచేయుట పెరిగిన కొలది వ్యర్థజలము పెరిగెను. ఆ నీరు పాలారులోనికిని పొలములలోనికిని ప్రాకెను. 1991లో వేలూరు పౌర సంక్షేమ వేదిక సర్వోన్నత న్యాయస్థానమున వ్యాజ్యము వేసినది. 1996 ఆగస్టు 28న వచ్చిన తీర్పు భారతదేశ పర్యావరణ న్యాయమునకు పునాదిరాయి వంటిది. చెరచినవాడే సరిచేయు ఖర్చు భరింపవలెనను సూత్రమును, హాని నిశ్చయముగా ఋజువగువరకు వేచియుండక ముందే జాగ్రత్త పడవలెనను సూత్రమును మన దేశ న్యాయములో భాగములని ఆ తీర్పు పలికినది. నేడు దేశమందలి న్యాయ విద్యార్థులు వేలూరు పేరును ఈ తీర్పుతోనే ఎరుగుదురు.

ఆ తీర్పులో ఒక అంకె గలదు. తోళ్ల కర్మాగారముల ప్రాంతమున దాదాపు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతయో పూర్తిగనో పంటకు పనికిరానిదైనదని అందు పేర్కొనిరి. ఈ అంకె ఢిల్లీలో పుట్టలేదు. వేలూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిశోధన కేంద్రము తేల్చినది. పొలములను పరీక్షించి లెక్క వ్రాసినవారు లేనియెడల రైతు మొర మొరగానే మిగిలి యుండెడిది. లెక్క యుండుటచేత అది సాక్ష్యమైనది. పిమ్మట ఏర్పడిన అధికార సంఘము 2001లో దాదాపు 29,000 మంది బాధితులను గుర్తించి, 26 కోట్ల రూపాయలకు పైగా పరిహారము నిర్ణయించినది. అయినను కథ ముగియలేదు. 2025 జనవరి 30న సర్వోన్నత న్యాయస్థానము ఈ సీమ కాలుష్యముపై మరల తీర్పు చెప్పి, పరిహారము చెల్లింపవలెననియు, పరిస్థితిని పరిశీలించుటకు సంఘము నేర్పరుపవలెననియు ఆజ్ఞాపించినది. మొదటి తీర్పునకును దీనికిని నడుమ 28 ఏండ్లు గడచినవి. ఆ నాడు పుట్టిన బిడ్డ నేడు ఉద్యోగము చేయు వయస్సులో నున్నది.

ఇంత కాలము ఎందుకు పట్టినది? ఒక కారణమును చూడుడు. పచ్చి తోలు చెడకుండ ఉప్పు పట్టింతురు. కర్మాగారములో దానిని నానబెట్టినపుడు ఆ ఉప్పంతయు నీటిలో దిగును. పలు కర్మాగారముల నీటిని ఒకచోట చేర్చి శుద్ధిచేయు కేంద్రములు కుళ్లు పదార్థమును తగ్గింపగలవు; క్రోమును వేరుచేయగలవు; కరగిన ఉప్పును మాత్రము తీయజాలవు. ఉప్పును తీయుటకు మరియొక యంత్రము, దానికి విద్యుత్తు, తుదకు మిగులు ఉప్పు గుట్టను దాచుటకు స్థలము కావలెను. చిన్న కర్మాగారము ఈ వ్యయమునకు ఓర్వజాలదు. మూసివేసినచో కూలివాని పొయ్యి ఆరును. మూయనిచో రైతు బావి చెడును. ఇది రసాయనశాస్త్రము ఒక్కటే తీర్పజాలిన చిక్కు కాదు. న్యాయస్థానమొక్కటే తీర్పగలదియు కాదు. రెండింటి నడుమ నిలిచి, ఏ మార్గమున ఎవరికెంత నష్టము, ఎంత లాభము అని నిదానముగా లెక్కగట్టువారు చాలినంత మంది లేకపోవుటయు ఈ జాప్యమునకు ఒక కారణము. ఆ కొరతయే మీకు అవకాశము.

వైద్యశాల నేర్పు పాఠము

రెండవ ఉదాహరణము శుభప్రదమైనది. 1900లో అయిడా స్కడ్డర్ దొరసాని వేలూరులో ఆరంభించిన చిన్న చికిత్సాలయము క్రైస్తవ వైద్య కళాశాలగా పెరిగిన సంగతి మీకు తెలిసినదే. పసిపిల్లలకు రోటా వైరసు వలన కలుగు విరేచనములను గూర్చి ఇచ్చటి వైద్యులు చాల కాలము పరిశోధించిరి. వారిలో గగన్‌దీప్ కాంగ్ గారు ప్రముఖురాలు. స్వదేశపు టీకాను 2011–12 ప్రాంతమున ఢిల్లీ, పూణే, వేలూరులలో 6,799 మంది శిశువులపై పరీక్షించిరి. 2016లో ఆ వ్యాధి టీకాను జాతీయ కార్యక్రమమున చేర్చినపుడు మొట్టమొదట ప్రారంభించిన నాలుగు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశము ఒకటి.

టీకా పనిచేయునని వైద్యశాస్త్రము చెప్పును. ఏటా ఎందరు పిల్లలు ఈ వ్యాధితో ఆసుపత్రికి వచ్చుచున్నారు, తల్లిదండ్రులకెంత ఖర్చగుచున్నది, అందరికీ ఉచితముగా నిచ్చినచో ప్రభుత్వమునకు గిట్టునా – ఇవి విధాన ప్రశ్నలు. వీధులు తిరిగి, ఇండ్లు లెక్కించి, తల్లులతో మాటాడిననే వీనికి ఉత్తరము దొరకును. వేలూరునకును గుడియాత్తమునకును నడుమనున్న కె.వి. కుప్పములో 1977 నుండి ఆ కళాశాలవారి గ్రామీణ ఆరోగ్య సాంఘిక కేంద్రము పనిచేయుచున్నది. మన బస్సు దారిలోనే ఈ వృత్తికి ఒక పాఠశాల యున్నదన్నమాట.

ఉద్యోగములెచ్చట గలవు?

ఉన్నది ఉన్నట్లు చెప్పుట గురువు ధర్మము. వేలూరు, గుడియాత్తములలో ఈ పేరుతో స్థిరోద్యోగములు చాల తక్కువ. వేరు పేర్లతో కొన్ని గలవు: వైద్య కళాశాల పరిశోధనలలో క్షేత్ర పరిశోధకుడు, గణాంక సహాయకుడు, కార్యక్రమ ఫలితములను పరిశీలించు అధికారి, 1984లో కళాశాలగా మొదలై 2001లో విశ్వవిద్యాలయ హోదా పొందిన వి.ఐ.టి.లో ప్రాజెక్టు సహాయకుడు. కాలుష్య నియంత్రణ మండలిలో, జలవనరుల శాఖలో, వ్యవసాయ శాఖలో శాస్త్రజ్ఞుని ఉద్యోగములు. ప్రాజెక్టు పదవులు సాధారణముగా రెండు మూడేండ్ల గడువుగలవి. ధనము ముగిసిన పదవియు ముగియును. కుటుంబ భారము మోయు విద్యార్థి ఈ సంగతిని ముందే ఎరిగియుండవలెను.

కాని మన సీమకు ఒక సౌకర్యము గలదు. చెన్నపట్టణము సుమారు 140 కిలోమీటర్లు, బెంగుళూరు సుమారు 210 కిలోమీటర్ల దూరములో నున్నవి. చెన్నపట్టణములో చర్మ పరిశోధనాలయమే గాక, 1988లో స్థాపితమైన ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, 1984లో ఏర్పడిన రాష్ట్ర విజ్ఞాన సాంకేతిక మండలి, ఐ.ఐ.టి.లోని సాంకేతికత–విధాన కేంద్రము, తోళ్ల కాలుష్యమును అర్థశాస్త్ర దృష్టితో పరిశీలించిన మద్రాసు స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ గలవు. బెంగుళూరులో భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన విధాన పరిశోధన కేంద్రము, 1988 నాటి జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, 2005 నుండి విజ్ఞాన సాంకేతిక విధానములకే అంకితమైన సీస్టెప్ అను సంస్థ గలవు. హైదరాబాదులో 1956 నాటి అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజి ప్రభుత్వములకు విధాన సలహాలిచ్చుచున్నది. కేంద్ర విజ్ఞాన సాంకేతిక శాఖవారు విధాన పరిశోధనకు ప్రత్యేక ఫెలోషిప్పులను ఇచ్చుచు వచ్చిరి.

మన భాషలు – మన మూలధనము

తెలుగు మాధ్యమమున చదువుట వెనుకబాటని తలంచు తలిదండ్రులు గలరు. ఈ వృత్తి విషయమున ఆ తలంపు ఎంతవరకు సరియో విచారింతము.

పాలారు కర్ణాటకలోని నంది కొండలలో పుట్టి అచ్చట 93 కిలోమీటర్లు, కుప్పము సీమగా ఆంధ్రప్రదేశములో 33 కిలోమీటర్లు, తమిళనాట 222 కిలోమీటర్లు ప్రవహించును. ఈ నీటిని గూర్చి 1892లోనే మద్రాసు, మైసూరు ప్రభుత్వములు ఒడంబడిక చేసికొనినవి. కుప్పము వద్ద ఆంధ్రప్రదేశము తలపెట్టిన ఆనకట్టను గూర్చి 2006లో తమిళనాడు సర్వోన్నత న్యాయస్థానమునకు పోయినది. గుడియాత్తము మీదుగా పారు కౌండిన్యా నదియు చిత్తూరు సీమనుండి వచ్చునదే. ఎగువనున్న రైతు తెలుగులో చెప్పు కష్టమును, దిగువనున్న రైతు తమిళములో చెప్పు కష్టమును, తోళ్ల పనివాడు ఉర్దూలో చెప్పు మాటను నేరుగా విని, ఇంగ్లీషులో నివేదిక వ్రాయగలవాడు ఏ పెద్ద నగరమునందు సులభముగా దొరకును? మన పిల్లలకు తరగతిలో తెలుగు, వీధిలో తమిళము, అంగడిలో కొంత ఉర్దూ చెవిని పడుచునే యుండును. ఇతరులు ధనమిచ్చి నేర్వవలసినది మనకు పుట్టుకతో వచ్చినది.

అయితే మూలధనమును పెట్టెలో దాచినచో వడ్డి రాదు. తమిళము మాటాడుట చాలదు. చదువను వ్రాయను రావలెను. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము మూలమున మన బడులలో తమిళము తప్పనిసరి యయ్యెను. 2021 ఉత్తరువు ననుసరించి రాష్ట్ర ప్రభుత్వోద్యోగ పరీక్షలలో తమిళార్హత పరీక్షయు చేరెను. దీనిని భారమని తలంచి అరకొరగా చదువువాడు రెండు భాషలలోను కుంటుపడును. తెలుగును చక్కగా నేర్చి, దాని ప్రక్కన తమిళమును శ్రద్ధతో నేర్చువాడు రెండు రాష్ట్రములకు పనికివచ్చును. తిరుత్తణిలో తెలుగు కుటుంబమున పుట్టి, వేలూరు ఊరీసు కళాశాలలో చదివిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1948–49లో విశ్వవిద్యాలయ విద్యా సంఘమునకు అధ్యక్షులై దేశపు ఉన్నత విద్యకు మార్గము చూపిరి. ఇంటి భాష తెలుగగుట ఆయనకు అడ్డు కాలేదు.

ఎట్లు సిద్ధపడవలెను?

మొదట ఒక శాస్త్రమును గట్టిగా నేర్వుడు. రసాయనము, జీవశాస్త్రము, వ్యవసాయము, ఇంజనీరింగు – ఏదైనను సరే. ఏ శాస్త్రమును లోతుగా ఎరుగనివాని విధానము పునాది లేని గోడ. పైగా ఆ శాస్త్రమే చేతికి వృత్తినిచ్చి, గడువు పదవి ముగిసిన నాడు ఇల్లు గడపును. గుడియాత్తములోను వేలూరులోను కళాశాలలున్నవి గనుక పట్టభద్రులగుటకు ఊరు విడువ నక్కరలేదు. రెండవది గణాంకశాస్త్రము. సగటు, శాతము, నమూనా అను మాటలు కలలో అడిగినను చెప్పగలుగవలెను. మూడవది ప్రభుత్వము నడచు తీరు. చట్టమునకును ఉత్తరువునకును భేదమేమి, పంచాయతీ అధికారమెంత, సమాచార హక్కు చట్టము క్రింద అర్జీ ఎట్లు వ్రాయవలెను అనునవి తెలియవలెను. నాల్గవది స్పష్టమైన రచన. మూడు పుటల విషయమును అర్ధపుటలో చెప్పుట అభ్యసింపుడు. పట్టభద్రులైన పిదప విధాన అధ్యయనములో గాని, అర్థశాస్త్రములో గాని, ప్రజారోగ్యములో గాని ఎం.ఏ. మొదలగు పట్టమునకు ప్రయత్నింపవచ్చును.

అభ్యాసము

1. విజ్ఞానశాస్త్రమునకును విజ్ఞాన విధానమునకును గల భేదమును మీ ఊరి ఉదాహరణముతో వివరింపుడు.

2. సగము సిద్ధమైన తోలుకు మారుగా పూర్తిగా సిద్ధమైన తోలును ఎగుమతి చేయుటవలన కలిగిన ఒక మేలును, ఒక కీడును తెలుపుడు.

3. శుద్ధి కేంద్రములున్నను నీటిలో ఉప్పు మిగులుటకు కారణమేమి?

4. చెరచినవాడే ఖర్చు భరింపవలెనను సూత్రమును చిన్న కర్మాగారమునకు అన్వయించునపుడు కలుగు చిక్కులెవ్వి? మీ అభిప్రాయమును కారణములతో వ్రాయుడు.

5. చేయవలసిన పని: త్రాగునీటిలో కరగిన లవణములు లీటరునకు 500 మిల్లీగ్రాములకు మించకుండుట మేలనియు, వేరు నీరు దొరకనిచో 2,000 వరకు ఒప్పుకొనవచ్చుననియు, క్రోము 0.05 మిల్లీగ్రాములకు మించరాదనియు భారత ప్రమాణ సంస్థ నిర్ణయించినది. నలుగురైదుగురు కూడి, మీ వీధిలోని అయిదు బావుల నీటిలో కరగిన లవణములను విజ్ఞాన ఉపాధ్యాయుని సాయముతో కొలువుడు. ఒక్కొక్క ఇంటివారిని వారి భాషలోనే అడిగి, ఆ నీటిని దేనికి వాడుచున్నారో, త్రాగునీటికి నెలకెంత ఖర్చు చేయుచున్నారో వ్రాసికొనుడు. ఫలితమును ఒక పుటలో పట్టికగా వేసి, తెలుగులో నొకటి, తమిళములో నొకటి ప్రతులు సిద్ధము చేయుడు. తమిళ ప్రతిని మీ పురపాలక సభ్యునికో పంచాయతీ అధ్యక్షునికో ఇచ్చి, చేరినట్లు సంతకము పుచ్చుకొనుడు.

ఈ అయిదవ పనిని పూర్తిచేసినవాడు విజ్ఞాన విధాన పరిశోధనలో మొదటి పాఠమును నేర్చినవాడగును.